ఊరికే వచ్చిన పాప

పోయిన వారం ఒక నర్సమ్మని గుమ్మం బయట నిలబెట్టి, మనం మన దారిన మనం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. భుజాన బరువు సంచీ, చంకలో గొడుగు, నుదుటి మీద చెమట. ఆవిడ అడిగిన ప్రశ్న కూడా ఆవిడ పక్కనే నిలబడి ఉంది.

"మీ ఇంటి పాప ఏదమ్మా?"

తలుపు తీసిన అమ్మాయికి పాప లేదు. ఆ మాటకొస్తే పెళ్ళే కాలేదు. ఇంకా ఆ మాటకొస్తే, ఆమె కొత్త వస్తువు ఒక్కటీ కొన్న పాపాన పోలేదు. కాళ్ళకున్న చెప్పులు ఇంకెవరి కాళ్ళకో అరిగి వచ్చినవి. కూర్చునే కుర్చీ ఏదో మూతపడ్డ బడిలోంచి వచ్చింది. మిగతా అవసరాలన్నీ శాంపిళ్ళతోనే గడిచిపోతాయి: వేలెడంత పేస్టు, గోరంత క్రీము, ఒక్క తలకి సరిపడే షాంపూ. ఆ ఒక్క తల షాంపూని ఆమె రెండు తలలకి సర్దగలదు. అందుకే ఆఫీసులో అందరూ ఆమెని శాంపిల్ అంటారు. ఇంట్లో అమ్మ మాత్రం పెద్దదీ అంటుంది, తర్వాత ఇంకో చిన్నది ఉంది కాబట్టి.

మరి పాప ఎక్కణ్ణుంచి వచ్చింది? ఊరికే వచ్చింది.

పసిపిల్లలున్న ఇళ్ళకి నెలనెలా ఒక పెట్టె ఊరికే పంపిస్తామని ఓ కంపెనీ చెప్పేసరికి శాంపిల్ వేళ్ళు ఆగలేదు. ఆమె ఉద్యోగం సాఫ్ట్‌వేర్‌ని పరీక్షించడం. అంటే రోజంతా లేని మనుషుల్ని పుట్టించి, వాళ్ళచేత లేని సరుకులు కొనిపించి, సాయంత్రానికి అందర్నీ తుడిచేసి ఇంటికి రావడం. అలాంటి చేతులకి ఒక పసిపాప ఒక లెక్కా? పేరు పిచ్చుక అని కొట్టింది. నోటికొచ్చిన పుట్టినరోజు కొట్టింది. ఫోన్ నంబరు అడిగితే, ఇలాంటి వాటికోసమే పెట్టుకున్న దొంగ నంబరు ఇచ్చింది. ఆ సిమ్ము ఒక పగిలిన ఫోన్లో, ఆ ఫోను ఒక సొరుగులో ఉంటుంది. ఎవరు చేసినా ఎత్తేది లేదు. ఎత్తితే "శాంపిల్ నచ్చిందా మేడం, పెద్ద సైజు పంపమంటారా?" అంటారు.

మొదట్లో ఆ పెట్టెలు ఇంట్లోనే వాడుకున్నారు. తర్వాత చిన్నది ఫోన్ చేసింది. "అక్కా, మా ఆఫీసులో ఒకావిడకి పాప పుట్టింది. ఇబ్బందుల్లో ఉంది. ఆ పెట్టెలు ఇస్తావా?" చిన్నది ఉద్యోగానికి దగ్గరని ఊరి ఆ చివర హాస్టల్లో ఉంటోంది. ఇంటికి రావడానికి ఆదివారాలు కూడా తీరిక దొరకదు. అందుకని శాంపిల్ ఆ పెట్టెల్ని పక్కవీధిలో పాతసామాన్ల తాత కొట్టు వెనక, ఊరికే బీరువాలో పెట్టేసేది. చిన్నది ఎప్పుడో వచ్చి పట్టుకుపోయేది. ఊరికే బీరువా అంటే సందులోకి ఒక తలుపు, కొట్లోకి ఒక తలుపు ఉన్న పాత ఇనప బీరువా. అక్కర్లేనివి ఎవరైనా పెట్టొచ్చు, కావలసినవాళ్ళు తీసుకోవచ్చు. ఆ ఆలోచన తాతకి ఇచ్చింది మన శాంపిలే. తలుపు మీద పెయింటుతో బోర్డు రాసింది కూడా తనే.

ఆఫీసులో పుట్టించిన వాళ్ళందర్నీ సాయంత్రానికల్లా తుడిచేసే మనిషి, పిచ్చుకని తుడవడం మాత్రం మర్చిపోయింది. ఇప్పుడు గుమ్మంలో నర్సమ్మ.

"ఎవరే పెద్దదీ?" వంటింట్లోంచి అమ్మ గొంతు.

"ఎవరూ లేదమ్మా, శాంపిళ్ళవాళ్ళు!"

"ఊరికే ఇస్తే తీసుకో! కొనమంటే తలుపెయ్యి!"

నర్సమ్మ నవ్వలేదు. "కాస్త లోపలికి వస్తానమ్మా," అంటూనే వచ్చేసింది.

లోపలికి వచ్చాక ఆవిడ కళ్ళు ఎక్కడెక్కడ ఆగుతున్నాయో శాంపిల్ కూడా అక్కడక్కడే చూసింది. తన ఇంటిని తను మొదటిసారి పరాయి కళ్ళతో చూసింది. కిటికీలో పసిపిల్లల పౌడరు డబ్బా. అది అమ్మకి చెమటకాయలకి. అద్దం పక్కన పసిపిల్లల నూనె. అది తలుపు బందులకి. చేతులు కడుక్కునే తొట్టి కింద, కారే గొట్టానికి గట్టిగా చుట్టి తాడుతో కట్టిన డైపరు. దానికి సంజాయిషీ ఏం చెప్పాలో దేవుడికే తెలియాలి. మూలన పసిపిల్లల మంచం, చుట్టూ కటకటాలతో. పరుపు లేదని తాత సగానికి ఇచ్చాడు, ఉతికిన బట్టలు మడతపెట్టుకోవడానికి బాగుంటుందని తెచ్చారు. ఇవాళ దుమ్ము పడకుండా బట్టల మీద అమ్మ ఒక దుప్పటి కప్పింది. దుప్పటి కింద ఎవరో ముడుచుకుని పడుకున్నట్టే ఉంది.

నర్సమ్మ మొహం విప్పారింది. "నిద్రపోతోందా బంగారుతల్లి?" అని గుసగుసగా అంటూ మునివేళ్ళ మీద నడిచి వెళ్ళి, దుప్పటి అంచు నెమ్మదిగా ఎత్తింది.

కింద రెండు ప్యాంట్లు, అమ్మ నడుంనొప్పి కాపడం సంచీ.

ఆవిడ దుప్పటి అంతే నెమ్మదిగా కిందకి దించింది. వెనక్కి తిరిగేసరికి ఆ మొహంలో విప్పారిందంతా ముడుచుకుపోయింది. "పాప ఏదమ్మా?" మళ్ళీ అడిగింది. ఈసారి అది పలకరింపులా లేదు.

ఇక దాచి లాభం లేదనుకుంది శాంపిల్. పేస్టు ట్యూబంత అబద్ధానికి ఆస్పత్రే కదిలి వచ్చింది. పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం అని ఊరికే అనలేదు పెద్దలు. గొంతు తగ్గించి చెప్పేసింది.

"పాప లేదండీ."

నర్సమ్మ చెయ్యి గుండె మీదికి వెళ్ళింది. "అయ్యో తల్లీ... ఎప్పుడు?"

"ఎప్పుడేంటండీ?"

"ఎప్పుడు పోయింది?"

"అయ్యయ్యో, పోలేదండీ! లేదంటే ఆ లేదు కాదు. అసలు లేదు. ఎప్పుడూ లేదు. ఆ పాపని నేనే పుట్టించా. అంటే, అలా పుట్టించడం కాదు..."

"ఎవరే, ఎవర్ని పుట్టించింది?" అమ్మ టీకప్పులతో వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. ఇంటికి ఎవరొచ్చినా ముందు టీ ఇచ్చి తర్వాత సంగతి అడిగే మనిషి. ఆ టీలో ఉన్నది పసిపిల్లల పాలపొడి అని వేరే చెప్పక్కర్లేదు.

శాంపిల్ చెప్పింది. కంపెనీ, పెట్టె, పేరు, దొంగ నంబరు, అన్నీ గడగడా ఒప్పజెప్పింది. అమ్మ వింటూ వింటూ కప్పులు కింద పెట్టి నెత్తి కొట్టుకుంది.

"ఊరికే వస్తే ఫినాయిలు కూడా తాగే రకమే నువ్వు! పెళ్ళికాని పిల్లవి, పిల్లని రాస్తావా? రేపెవడైనా సంబంధానికొచ్చి, పాపకి ఎన్నో నెలండీ అంటే ఏం చెప్పను? శాంపిలండీ అననా?"

"అమ్మా, నువ్వాగు."

"నేనాగుతా. నీ పాప ఆగిందా, ఆస్పత్రి దాకా పోయింది!" అమ్మ నర్సమ్మ వైపు తిరిగింది. "బుద్ధి తక్కువై చేసిందమ్మా. పోలీసులూ గీలీసులూ అనకండి. ఆ డైపర్లు కావాలంటే తిరిగిచ్చేస్తాం. ఆ గొట్టానికి చుట్టింది తప్ప."

నర్సమ్మ టీ ముట్టుకోలేదు. శాంపిల్ వంకే చూస్తోంది, తప్పు చేసిన పిల్లని చూసినట్టు కాదు, లెక్క తప్పినచోటు కోసం వెతుకుతున్నట్టు.

"నువ్వు లేదంటున్న పాపని నేను ఎత్తుకున్నానమ్మా," అంది. ఎప్పుడు మీరులోంచి నువ్వులోకి దిగిందో ఆవిడకే తెలీదు. "ఈ చేతుల్తోనే. తొడ మీద సూది వేశాను. వేస్తే కూడా గట్టిగా ఏడవలేదు, సన్నగా కిచ్‌మంది. పిచ్చుక అని భలే పేరు పెట్టారే అని నేనే నవ్వాను."

కారే గొట్టం కూడా, డైపరు పుణ్యమా అని, చప్పుడు చెయ్యలేదు.

శాంపిల్ చేసే ఉద్యోగంలో ఒక పీడకల ఉంది. తను పుట్టించిన లేని మనిషి, తను ముట్టుకోకుండానే, తనంతట తనే లోపలికి వచ్చి ఏదో చేసి పోయినట్టు తెర మీద కనబడటం. అలా ఎప్పుడూ జరగదని అందరికీ తెలుసు. అయినా ఆ కల వచ్చిన రోజు ఆమె నీళ్ళు తాగి, దీపం వేసుకుని పడుకుంటుంది. ఇప్పుడు పట్టపగలు, కిటికీలోంచి ఎండ పడుతుండగా, వీపంతా చన్నీళ్ళు పోసినట్టయింది.

"ఎలాగండీ? నేను అసలు..."

"మీకొచ్చిన పెట్టెలో ఒక కార్డుంటుంది. మా ఆస్పత్రిలో పసిపిల్లలకి టీకాలు, పరీక్షలు ఊరికే చేస్తామని. ఆ కార్డు పట్టుకుని వచ్చింది తల్లి. దాని మీద అచ్చేసిన పేరు పిచ్చుక, అడ్రసు ఈ ఇల్లు, నంబరు నువ్వు చెప్పిన ఆ నంబరు. మాకేం అనుమానం? ఒక్కటే అనుమానం వచ్చింది. కార్డు మీదున్న పుట్టినరోజుకి పాప మరీ చిన్నగా ఉంది. ఎదుగుదల లేదేమోనని డాక్టరమ్మ రక్తం తీయించింది."

"పుట్టినరోజు నేను ఏదో కొట్టానండీ," అంది శాంపిల్ నీరసంగా.

"ఏదో కొట్టబట్టే తీశాం. లేకపోతే తీసేవాళ్ళమే కాదు." నర్సమ్మ సంచీ ఒళ్ళోకి లాక్కుంది. "రిపోర్టు వచ్చింది. పాప ఒంట్లో ఉండాల్సిందొకటి సరిగ్గా తయారవట్లేదు. పెద్ద రోగమేం కాదు. రోజూ ఒక చిన్న మాత్ర నూరి పట్టిస్తే అందరు పిల్లల్లాగే ఆడుకుంటుంది. పట్టించకపోతే బుర్ర ఎదగదు. పోయిన రోజులు మళ్ళీ తెచ్చివ్వలేం. అందుకని ఫోన్ చేశాం. చేస్తూనే ఉన్నాం. ఎవరూ ఎత్తరు."

శాంపిల్ లేచింది. కాళ్ళు తనవి కానట్టున్నాయి, చెప్పుల్లాగే ఎవరివో వాడేసినవి తెచ్చుకున్నట్టున్నాయి. సొరుగు లాగింది. పగిలిన ఫోను చచ్చి పడుంది. ఛార్జరు పెట్టి నిలబడింది. నెమ్మదిగా తెర వెలిగింది. వెలిగాక, ఒకదాని కింద ఒకటి, ఎత్తని కాల్స్. పైకి తోస్తే ఇంకా, ఇంకా తోస్తే ఇంకా. అన్నీ ఒకే నంబరు. పెద్ద సైజు పంపమంటారా అని కాదు వాళ్ళు అడుగుతున్నది.

"ఆ తల్లి ఎలా ఉంటుందండీ?" శాంపిల్ అడిగింది.

"చిన్న పిల్ల. నీకంటే చిన్నదే. మనిషి ఎప్పుడూ బెదురు బెదురుగా ఉండేది, తలుపు చప్పుడైతే ఉలిక్కిపడేది. పాప ఎప్పుడూ నిద్రే, అస్సలు ఏడవదు, ఎంత మంచిదో అని మురిసిపోయేది. అది మంచితనం కాదే పిచ్చిదానా అని చెప్పాలనుకున్నా. అప్పటికింకా రిపోర్టు రాలేదు." నర్సమ్మ కళ్ళు మూసుకుని గుర్తు తెచ్చుకుంది. "ఎండలో కూడా ఒక స్వెట్టరు వేసుకునేది. ఆకుపచ్చది, వదులుగా. గుండీలన్నీ ఆకుపచ్చే, ఒక్కటి మాత్రం..."

"పసుప్పచ్చ," అంది అమ్మ.

శాంపిల్ తలెత్తింది. అమ్మ గోడకానుకుని నిలబడి ఉంది. రెండు చేతుల్తో పమిట కొసని పట్టుకుని, అది జారిపోతుందన్నట్టు బిగిస్తోంది.

ఆ స్వెట్టరు తాత కొట్లో కొన్నారు. ఒక గుండీ లేదని తగ్గించాడు. తన గుండీల డబ్బా అంతా వెతికి, రంగు కుదరకపోయినా సైజు కుదిరిన గుండీ తీసింది అమ్మ. కుట్టింది పెద్దది. వేసుకుని హాస్టలుకి వెళ్ళింది చిన్నది. వెళ్ళేటప్పుడు, "ఛీ, ఈ పసుప్పచ్చ గుండీ చూసి అందరూ నవ్వుతారక్కా," అంది. "నవ్వనీ. తప్పిపోతే గుర్తుపట్టడానికి పనికొస్తుంది," అంది పెద్దది.

ఆఫీసులో ఒకావిడకి పాప పుట్టిందక్కా. ఇబ్బందుల్లో ఉంది.

ఫోన్లో కెమెరా పాడైందక్కా. ఈ ఆదివారం కూడా కుదరదక్కా. బీరువాలో పెట్టెయ్, నేనే వచ్చి తీసుకుంటా.

ఆ ఒకావిడ పేరేంటని శాంపిల్ ఒక్కసారి కూడా అడగలేదు. ఏ సబ్బు ఎక్కడ ఊరికే ఇస్తారో అరచేతిలో పెట్టుకున్న మనిషి, ఊరికే అయినా ఆ ఒక్క ప్రశ్న అడగలేదు.

అమ్మ అరుస్తుందనుకుంది శాంపిల్. పరువు, పెళ్ళి, నలుగురు, అన్నీ బయటికి వస్తాయనుకుంది. అమ్మ నెమ్మదిగా వచ్చి నర్సమ్మ ఎదురుగా నేల మీద కూర్చుంది.

"పాప బరువు సరిపోనుందా అమ్మా?" అని అడిగింది.

నర్సమ్మకి ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "ఉందమ్మా," అంది మెత్తగా. "బుగ్గలు కూడా ఉన్నాయి."

అమ్మ తలూపింది. మళ్ళీ మళ్ళీ ఊపింది.

శాంపిల్ అప్పటికే చెల్లెలికి ఫోన్ చేస్తోంది. స్విచాఫ్. మళ్ళీ చేసింది, అదే. హాస్టలుకి చేసింది. ఎత్తినావిడ ఆవులిస్తూ, "ఆ అమ్మాయా? ఖాళీ చేసి చాలా రోజులైందిగా. మీకు చెప్పలేదా?" అంది. అవతల టీవీలో ఎవరో పకపకా నవ్వుతున్నారు.

"ఖాళీ చేసేసిందటమ్మా."

"ఎక్కడికెళ్ళిందట?"

"తెలీదంట."

"తాత కొట్టు," అంది అమ్మ. "పెట్టె తీసుకోవడానికి అక్కడికే కదా వస్తుంది. పో. నేను ఈవిడతో కూర్చుంటా. పో, నిలబడతావేం!"

నర్సమ్మ సంచీలోంచి మందు పొట్లం తీసి ఆమె చేతిలో కుక్కింది. "దొరికితే వెంటనే ఇవ్వు. ఇది కూడా ఊరికేనమ్మా. ఊరికేనని పక్కన పెట్టొద్దు."

*

పాతసామాన్ల తాత కొట్టులోకి వెళ్తే ముందు ముక్కుకి తెలుస్తుంది: నాఫ్తలీన్ గోళీలు, తడిసి ఆరిన పుస్తకాలు, ఇంకెవరివో ఇళ్ళు. మూతలు లేని మిక్సీ జార్లు ఒక వరస, జార్లు లేని మూతలు ఇంకో వరస. ఈ వరసకీ ఆ వరసకీ ఎప్పటికైనా సంబంధం కుదరకపోతుందా అని తాత ఆశ. చెప్పులన్నీ జతజతగా తాళ్ళతో కట్టి ఉంటాయి, విడిపోకుండా.

తాత గల్లా దగ్గర కూర్చుని పొద్దున వచ్చిన బట్టల జేబులు తిరగేస్తున్నాడు. ఏ బట్టైనా కొక్కేనికి ఎక్కేముందు జేబులు బయటికి లాగి దులపాల్సిందే, అది ఆయన పద్ధతి. "రా మనవరాలా," అన్నాడు తలెత్తకుండానే. "ఇవాళ శకునం బాగుంది. మంచి మంచివి వచ్చాయి."

శాంపిల్ గోడ వైపు చూసింది. గోడ మీద కొక్కేనికి ఆకుపచ్చ స్వెట్టరు వేలాడుతోంది. దాని జేబులు రెండూ బయటికి వేలాడుతున్నాయి, నాలుక చాపినట్టు.

పసుప్పచ్చ గుండీ తను కుట్టినచోటే ఉంది.

"అదా?" తాత ఆమె చూపు పట్టుకున్నాడు. "ఒక గుండీ తేడా. నీకైతే తగ్గిస్తాలే."

"ఎవరు తెచ్చారు తాతా?"

"ఒకమ్మాయి. ఎప్పుడూ చూళ్ళేదు. పొద్దున కొట్టు తీస్తుంటే వచ్చింది. అదొక్కటే కాదు, అదిగో, పిల్లల బండి కూడా. చక్రాలు ఎంత బాగున్నాయో చూడు. పాలసీసాలు, చిన్న చిన్న గౌనులు, టోపీ. అన్నీ ఉతికి, మడతపెట్టి." తాత గల్లా మీంచి ఏదో తీసి చూపించాడు. "జేబులో ఇది దొరికింది. పారేద్దామనుకున్నా."

పాలపొడి శాంపిల్ పొట్లం. సగం వాడి, కొస మూడుసార్లు మడిచి, జుట్టు పిన్నుతో బిగించి ఉంది. గాలి తగిలితే గడ్డ కడుతుందని ఏ పొట్లాన్నైనా ఆ ఇంట్లో ముగ్గురూ అలాగే బిగిస్తారు. నేర్పింది అమ్మ.

"బండిలో పాప ఉందా?"

"పాపేంటి? బండి నిండా బట్టలే."

"చేతుల్లో? భుజం మీద? సరిగ్గా గుర్తుతెచ్చుకో తాతా!"

"ఏంటమ్మా అలా అయిపోతున్నావు? ఉత్తచేతులు. అవి కూడా వణుకుతున్నాయి పాపం, చలో ఏమో, స్వెట్టరు నాకిచ్చేసిందిగా."

"ఎంతిచ్చావు వీటికి?"

"అదే కదా నేను కూడా అనుకున్నది! బండి ఒక్కటే బాగా పలుకుతుంది. బేరానికి కూర్చోమ్మా అంటే వద్దంది. ఊరికే ఉంచుకో తాతా అంది."

శాంపిల్ గల్లా అంచు పట్టుకుంది. ఏ భయమైనా ఇప్పటిదాకా ఎక్కడో మూల కాస్త ఊపిరి పీల్చుకోనిచ్చింది. ఈ మాట ఆ కాస్తా లాగేసుకుంది. వాళ్ళ ఇంట్లో పాత న్యూసుపేపరు కూడా ఊరికే బయటికి పోదు. ఒంటి చెప్పుకి కూడా బేరమాడే ఇల్లు అది. ఊరికే తీసుకోవడమే గానీ, ఊరికే ఇవ్వడం ఆ ఇంటా వంటా లేదు. చిన్నది అన్నీ ఊరికే ఇచ్చేసి వెళ్ళిందంటే, ఇక దేనికీ లెక్క చూసుకోనక్కర్లేదని అనుకుందన్నమాట.

"ఏమన్నా చెప్పిందా? వెళ్ళేటప్పుడు?"

"చెప్పలేదు. అడిగింది." తాత ఒక జేబు తిరగేస్తూ ఆగాడు. "వెనక బీరువాలో ఏది పెట్టినా నిజంగా ఎవరూ ఏమీ అడగరా తాతా, అంది. అడగరమ్మా, అక్కడ రాసే ఉందిగా అన్నా. రోజూ ఎన్నింటికి తీస్తావు అంది. పొద్దున్నే తీస్తానమ్మా, ఎవరో ఒకరికి పనికొస్తాయి, మంచి వస్తువు ఎప్పుడూ అక్కడ ఎక్కువసేపు ఉండదు అన్నా. ఆ మాటకి కాస్త నవ్వింది కూడా."

"మరి ఇవాళ తీశావా?"

తాత కొట్టు వెనక్కి చూశాడు. లోపలి తలుపుకి అడ్డంగా పొద్దున వచ్చిన మూటలు, వాటి మీద పిల్లల బండి.

"ఇవాళ ఎక్కడ తీశానూ? వీటితోనే సరిపోయింది..." అంటూనే ఆయన గొంతు మారిపోయింది. ఆ అమ్మాయి అడిగినదాన్ని ఆయన ఇప్పుడు మళ్ళీ విన్నాడు.

మూటలు తీయడానికి శాంపిల్ ఆగలేదు. వీధిలోకి పడింది, మలుపు తిరిగింది, సందులోకి పరిగెత్తింది. ఎవరివో అరిగిన చెప్పుల్లో ఒకటి ఎక్కడో ఊడిపోయింది. సందు ఖాళీగా ఉంది. మధ్యాహ్నపు ఎండ నేరుగా బీరువా మీద పడుతోంది. ఇనప తలుపు మీద చెయ్యి వేస్తే చురుక్కుమంది. కింది రేకుకి తుప్పు చిల్లులు ఉన్నాయి. చిల్లులున్నందుకు జీవితంలో మొదటిసారి దేవుడికి దణ్ణం పెట్టుకుంది.

చెవి ఆనించి విన్నది. తన గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు.

గట్టిగా ఏడవదు. సన్నగా కిచ్‌మంటుంది, అంతే. నర్సమ్మ చెప్పింది కదా. ఏ చప్పుడూ లేకపోతే లోపల ఎవరూ లేరని కాదు.

కళ్ళెదురుగా, తలుపు మీద, ఒకప్పుడు సరదాగా నవ్వుకుంటూ తను రాసిన అక్షరాలు. ఎండకి పెయింటు పొక్కింది గానీ ఒక్క మాటా చెరగలేదు.

ఊరికే పెట్టండి. ఊరికే తీసుకోండి. ఎవరూ ఏమీ అడగరు.

"పిచ్చుకా," అంది శాంపిల్.

తను పెట్టిన పేరే. కీబోర్డు మీద ఒక్కసారి కొట్టింది గానీ, నోటితో ఇంతవరకూ ఎప్పుడూ పిలవలేదు.

గడియ లాగింది. ఏదో సన్నగా కిచ్‌మంది. అది తుప్పు పట్టిన గడియో, లోపల్నుంచో.